సౌరపవనపు దిక్కును మా భాషలలో చెప్పుడు

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అధ్యక్షులవారికి ఒక బహిరంగ లేఖ

మహాశయా,

హుగ్లీ నది తూర్పుటొడ్డున, కలకత్తా నగరమునకు దిగువను, సముద్రము నుండి నగరపు రేవులకు పోవు ఓడలన్నియు తప్పక దాటవలసిన తీరమున ఉన్న బడ్జ్ బడ్జ్ పట్టణము నుండి ఈ లేఖను వ్రాయుచున్నాను. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి పాశ్చాత్యదేశ యాత్ర ముగించుకొని, మదరాసు నుండి ఓడలో వచ్చి వంగభూమిపై అడుగు మోపినది ఈ రేవుననే. 1914 సెప్టెంబరు 29న, కెనడా నుండి త్రిప్పి పంపబడిన కోమగాట మారు ఓడ ప్రయాణికులపై బ్రిటిషు ప్రభుత్వము కాల్పులు జరిపించినదియు ఇచ్చటనే. గంజాము, విశాఖపట్టణము మండలముల నుండి జనపనార మిల్లుల పనికై వచ్చి, హుగ్లీ ఒడ్డున మిల్లు పేటలలో కాపురములు నిలుపుకొన్న తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. ఇంట తెలుగును, వీధిని వంగభాషయు మాటలాడుచు పెరిగి, ఈ ఊరి పిల్లలకు భౌతికశాస్త్రము బోధించుచు వచ్చినవాడను. నేడు మా ఊరికి చమురు తెచ్చు ఓడలు, పక్కనే పూజాలి యొద్ద 750 మెగావాట్ల విద్యుత్తును పుట్టించు థర్మల్ కేంద్రము, ప్రతివాని చేతిలోను దారి చూపు ఫోను, ఇవన్నియు మా దైనందిన జీవితములో భాగములు. ఇవి యేవియు సూర్యునితో నేరుగా సంబంధము కలవిగా పైకి తోపవు. కాని సంబంధము కలదు. ఆ సంబంధమును గూర్చియే మీకు మనవి చేయబూనితిని.

మీ సంస్థ 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి పీఎస్ఎల్‌వీ-సీ57 వాహనముపై పంపిన ఆదిత్య-ఎల్1 నౌక, 2024 జనవరి 6న, భూమికి సూర్యుని వైపున సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమున ఉన్న తొలి లాగ్రాంజి బిందువు చుట్టును తిరుగు కక్ష్యను చేరినది. అయిదు దినముల పిమ్మట, జనవరి 11న, ఆరు మీటర్ల పొడవుగల ఒక దండము నౌక దేహము నుండి వెలుపలికి చాపబడినది. ఆ దండముపై అమర్చిన అయస్కాంతమాపకములు అచ్చట వీచు సౌరపవనమునందలి అయస్కాంత క్షేత్రమును కొలుచుచున్నవి. ఆ నౌక మోసికొనిపోయిన ఏడు పరికరములలో పత్రికలవారి దృష్టి నాకర్షించినవి సూర్యబింబమును చిత్రించు దూరదర్శినులు. ఆ చిత్రములు నిజముగనే మనోహరములు గనుక ఆ ఆకర్షణ సహజము. నా మనవి మాత్రము ఆ సన్నని దండమును గూర్చినది. అది చెప్పు సంఖ్యలలో ఒక్కటి, సౌరపవనపు అయస్కాంత క్షేత్రము ఉత్తరమునకు ఒరిగినదా దక్షిణమునకు ఒరిగినదా అని తెలుపు సంఖ్య, మా ఊరి మీది ఆకాశమునకు మిక్కిలి ముఖ్యమైనది. దానిని మావంటి సామాన్యులకు, మా భాషలలో, వెంటవెంటనే అందజేయుడని కోరుచున్నాను. ఆ కోరికకు కారణమును కొంత విపులముగ చెప్పనిండు.

సూర్యుని నుండి వెలుగుతో పాటు ఎడతెగని ఒక వాయుప్రవాహము కూడ వెలువడుచున్నదని 1958లో యూజీన్ పార్కరు గణితముచే చూపినప్పుడు పెక్కుమంది పండితులు దానిని శంకించిరి. 1962లో శుక్రగ్రహమునకు పోవుచున్న మారినర్ 2 నౌక, దారి పొడవునను ఆ ప్రవాహమును కొలిచి ఆ శంకను తీర్చినది. అది ఎలక్ట్రానులు, ప్రోటానులు విడివడి యున్న ప్లాస్మా. సామాన్యదినములలో సెకనుకు 400 కిలోమీటర్ల వేగమునను, ప్రకోపించినప్పుడు అంతకు రెట్టింపును మించియు అది ప్రవహించును. అంత వేగము కలదైనను, ఘన సెంటీమీటరునకు అయిదారు ప్రోటానుల కంటె అందు సాధారణముగ ఉండవు. అది మోసికొనివచ్చు అయస్కాంత క్షేత్రము భూమి చెంతకు చేరుసరికి అయిదారు నానోటెస్లాలు మాత్రమే. మా కలకత్తా నేలపై భూమి సొంత క్షేత్రము నలభై వేల నానోటెస్లాలకు పైబడి యున్నదని స్మరించినచో ఆ వచ్చునది ఎంత దుర్బలమో తెలియును. సిడ్నీ చాప్‌మన్, విన్సెంట్ ఫెరారో అను విద్వాంసులు 1931 నాటికే ఊహించినట్లు, భూమి క్షేత్రము ఆ ప్రవాహమును పగటివైపున భూవ్యాసార్ధమునకు సుమారు పదిరెట్ల దూరముననే నిలువరించి ప్రక్కలకు మరలించుచున్నది. ఆ సరిహద్దునకు లోపలి సీమకే అయస్కాంతావరణమని పేరు. రాత్రివైపున అది చంద్రుని కక్ష్యకు ఆవలి వరకును తోకవలె సాగియున్నది.

ఇట్టి రక్షణ యుండగా సౌరపవనపు శక్తి లోనికి ఎట్లు వచ్చుచున్నదను ప్రశ్న చిరకాలము శాస్త్రజ్ఞులను వేధించినది. దానికి 1961లో జేమ్స్ డంగీ అను ఆంగ్లేయ భౌతికశాస్త్రజ్ఞుడు చెప్పిన సమాధానము, నా దృష్టిలో, గత శతాబ్దపు భౌతికశాస్త్రమునందలి అందమైన భావములలో నొకటి. ప్లాస్మాయు దానియందలి అయస్కాంత బలరేఖలును సాధారణముగ ఒకదానినొకటి విడువవు. ప్లాస్మా ఎటు పోయిన బలరేఖలు అటే పోవును. ఈ నియమమును 1942లో హాన్నెస్ ఆల్ఫ్‌వెన్ చెప్పెను. ఈ నియమమునకు ఎన్నడును భంగము లేనిచో సౌరపవనపు రేఖలు సౌరపవనముతోనే, భూమి రేఖలు భూమితోనే ఉండిపోవును. రెండింటికిని పొత్తు కలుగదు. కాని పగటివైపు సరిహద్దునొద్ద భూమి బలరేఖలు దక్షిణము నుండి ఉత్తరమునకు పోవుచుండును. వానికెదురుగ వచ్చిన సౌరపవనపు రేఖలు ఉత్తరము నుండి దక్షిణమునకు పోవునవైనచో, రెండు పరస్పర విరుద్ధ క్షేత్రములు ఒక పలుచని పొరకు ఇరువైపుల నిలిచి ఆ పొరను నొక్కుచుండును. ఆ పొరలో ఒకానొక చోట ఆల్ఫ్‌వెన్ నియమము భంగపడును. రేఖలు తెగి, తమలో తాము కాక ఎదుటివానితో కూడును. అట్లు కూడిన రేఖకు ఒక కొన భూధ్రువమునందును, రెండవ కొన సౌరపవనమునందును ఉండును. దీనినే అయస్కాంత పునస్సంధానమందురు. ఎదురుగ వచ్చిన క్షేత్రము ఉత్తరమునకే ఒరిగినదైనచో పగటి సరిహద్దున ఈ సంధానము దాదాపు జరుగదు; ఎంత వేగముగ వీచినను సౌరపవనము మనలను చుట్టి సాగిపోవును. కనుక సూర్యుని నుండి వచ్చునది ఎంత బలమైనదను ప్రశ్న కంటె, ఎటు ఒరిగి వచ్చుచున్నదను ప్రశ్న ముఖ్యమగుచున్నది.

ఇట్లు తెరువబడిన రేఖలను సౌరపవనము ధ్రువముల మీదుగా ఈడ్చుకొనిపోయి రాత్రివైపు తోకలో ప్రోగుచేయును. అచ్చట ఉత్తరార్ధమునుండి వచ్చిన రేఖలును దక్షిణార్ధమునుండి వచ్చిన రేఖలును మరల ఎదురెదురై, మరల సంధానము పొంది, ఒక భాగము భూమివైపునకును ఒక భాగము వెలుపలికిని విసరివేయబడును. భూమివైపు వచ్చిన ప్లాస్మా వేడెక్కి, ధ్రువప్రాంతములందు ఆకుపచ్చని, ఎఱ్ఱని కాంతులుగ దిగును; సౌర తుఫాను అనబడు ఈ కల్లోలము పెద్దదైనప్పుడు భూమధ్యరేఖకు పైని అయానుల వలయప్రవాహముగ చేరి, భూమి అయస్కాంత క్షేత్రమును లోకమంతటను కొంత తగ్గించును. ఈ చక్రమునకు డంగీ పేరే పెట్టిరి.

ఆ సంధానము ఎంత త్వరగా జరుగగలదను విషయమున వాదములు చాల నడచినవి. పీటర్ స్వీట్, పార్కరు 1950ల చివర లెక్కించిన మార్గము మిక్కిలి మందగతి కలది. సూర్యునిపై నిమిషములలో పుట్టి పెరుగు జ్వాలలను ఆ మందగతి వివరింపజాలదు. 1964లో హారీ పెట్‌షెక్ మరింత వేగవంతమైన మార్గమును సూచించెను. గణితమున తేలని ఆ వాదమునకు కొలతయే శరణ్యమైనది. 2015 మార్చిలో అమెరికా నాసా సంస్థ నాలుగు ఉపగ్రహములను, నాలుగు ముఖముల పిరమిడు ఆకారమున, ఒకదానికొకటి పది కిలోమీటర్ల చేరువ వరకును పోగలుగునట్లు పంపినది. అదే సంవత్సరము అక్టోబరు 16న అవి అయస్కాంతావరణపు సరిహద్దున సంధానము జరుగుచున్న చోటు మీదుగనే పోయినవి. సెకనులో ముప్పది మూడవ వంతులోపల ఎలక్ట్రానుల పూర్తి చిత్రమును తీయగల వాని యంత్రములకు, నియమము భంగపడు ఆ కొలది కిలోమీటర్ల ప్రాంతమునందు ఎలక్ట్రానుల వేగములు నెలవంక ఆకారమున కూడియుండుట కనబడినది. డంగీ కాగితముపై చెప్పినది, అంతరిక్షమున, ఎలక్ట్రాను స్థాయిని, కంటికెదుట నిలిచినది.

ఈ విషయములందు భారతదేశమునకు పాత చరిత్ర కలదు. 1859 సెప్టెంబరు తొలి దినములందు, బ్రిటనులో రిచర్డ్ కారింగ్టను సూర్యునిపై తెల్లని మెరుపును చూచిన మరునాడు, అమెరికాలో బోస్టను, పోర్టులాండు నగరముల నడుమ తంతివారు బ్యాటరీలను విప్పివైచి, ఆకాశము ప్రేరేపించిన విద్యుత్తుతోనే వార్తలు పంపుకొనిరి. అదే తుఫానున బొంబాయి కొలాబా వేధశాలయందలి అయస్కాంతసూది భూక్షేత్రము సుమారు 1600 నానోటెస్లాలు తగ్గినట్లు నమోదు చేసినది. ఆ మహోత్పాతమునకు సంబంధించి లోకమునకు మిగిలిన అమూల్య లేఖ్యములలో అది యొకటి. 1872 ఫిబ్రవరి 4 రాత్రి బొంబాయిలోనే ధ్రువకాంతి కనబడినదని ఆనాటి వార్తలు చెప్పుచున్నవి. నగరమున ట్రాములు విద్యుత్తుతో నడువనారంభించునప్పటికి, వాని ప్రవాహములు సూదిని కదలింపకుండుటకై 1904లో ఆ వేధశాలను అలీబాగునకు తరలించిరి. నగరవాసుల సౌకర్యమునకును శాస్త్రమునకును నడుమ వివాదము రాగా, నాటివారు సూదికి గౌరవమిచ్చి చోటు మార్చిరి. ఆ వివేకము నేటివారికిని ఆదర్శము.

ఇక బడ్జ్ బడ్జ్ మాట. సౌర తుఫాను వచ్చుచున్నదను వార్త పుట్టినప్పుడెల్ల పత్రికలందును ఫోనులందును ప్రళయ వర్ణనలు ప్రబలుచున్నవి. నాకడకు వచ్చు పిల్లలు, రేపటి నుండి కరెంటు ఉండదట, ఇంటర్నెట్టు పోవునట, నిజమా యని అడుగుచున్నారు. నిజము చెప్పవలెను. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రపు విద్యుత్ వ్యవస్థ సుమారు తొంబది సెకనులలో కూలి, అరువది లక్షల జనులకు తొమ్మిది గంటలు చీకటి మిగిల్చినది. 2003 అక్టోబరు చివరి తుఫానుల పిమ్మట దక్షిణాఫ్రికాలో కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లు చెడిపోయినవి. అయినను ధ్రువములకు దూరముగ ఉన్న మా పూజాలి థర్మల్ కేంద్రమునకు క్విబెక్ గతి పట్టునని భయపెట్టుట బాధ్యతారాహిత్యమే. ఇంత తక్కువ అక్షాంశమున భూమిలో ప్రేరేపింపబడు విద్యుత్తు సాధారణముగ అల్పము. ప్రజలను వట్టి భయమున ముంచి, నిజముగ తమకు తగులునదేదియో చెప్పకపోవుట కంటె గొప్ప అపకారము శాస్త్రప్రచారమున లేదని నా నిశ్చితాభిప్రాయము.

మాకు నిజముగ తగులునది నేలమీద కాదు, నూరు మొదలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునందలి అయనావరణమున. అచ్చట సూర్యకాంతి వాయువుల నుండి ఎలక్ట్రానులను విడదీయుచుండును. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొనమీదుగ పోవుచున్నది. పగటివేళ ఆ రేఖపై తూర్పుముఖమైన విద్యుత్ క్షేత్రము ప్లాస్మాను పైకెత్తును. ఎత్తబడినది అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణములకు జారి, రేఖకు ఇరువైపుల సుమారు పదునైదు డిగ్రీల దూరమున గుట్టలుగ చేరును. భూమధ్యరేఖపై, సూర్యుడు నడినెత్తిన ఉన్న చోట, ఎక్కువగ ఉండవలసిన ఎలక్ట్రానులు అచ్చట తక్కువగను, ఇరుప్రక్కల ఎక్కువగను ఉండుట వింతయని 1946లో ఎడ్వర్డ్ ఆపిల్టను గుర్తించెను. ఆ సంవత్సరమే, ప్లాస్మా అయస్కాంత రేఖల వెంట వ్యాపించుటచే ఇట్లగునని నేచర్ పత్రికలో వివరణ సూచించినవాడు కలకత్తా విశ్వవిద్యాలయపు శిశిరకుమార మిత్రుడు. మరుసటి సంవత్సరము ఆయన ప్రకటించిన ఊర్ధ్వ వాతావరణ గ్రంథము ఆ శాస్త్రమున లోకమంతటను ప్రామాణికమైనది. ఆ రెండు గుట్టలలో ఉత్తరపు గుట్ట శిఖరము ఎచ్చట ఉన్నదందురా? అది కలకత్తా నెత్తిమీదనే ఉన్నది. తన నగరము మీదనే కూడిన సంపదకు మూలమును మిత్రుడు తన నగరముననే కూర్చుండి చెప్పెననుట నాకు ఎన్నిమారులు తలచినను ఆనందము కలిగించు విషయము.

సౌరపవనపు క్షేత్రము దక్షిణమునకు ఒరగి, పగటి సరిహద్దున సంధానము మొదలైనదా, ధ్రువముల మీద పుట్టిన విద్యుత్ క్షేత్రము కొలది నిమిషములలోనే భూమధ్యరేఖను చేరును. అయస్కాంతావరణపు లోపలి ప్లాస్మా దానిని అడ్డగించుటకు కొంత కాలము పట్టును. ఆలోపల అది లోనికి చొచ్చివచ్చును. పగలైనచో ప్లాస్మాను మరింత ఎత్తి, శిఖరమును పెంచి, ఉత్తరమునకు జరుపగలదు. రాత్రి రెండవ సగమున దాని దిశయే మారును. సంధ్యవేళ వచ్చినదా, ప్లాస్మాలో బుడగలను పుట్టించి, వాని గుండ వచ్చు రేడియో సంకేతములను మినుకు మినుకుమనిపించును. ఒకే తుఫాను, అది వచ్చిన వేళను బట్టి, ఒక దేశమున బుడగలను లేపును, వేరొక దేశమున అణచును. 2024 మే 10న, మన గడియారముల ప్రకారము రాత్రి పదిన్నర ప్రాంతమున, రెండు దశాబ్దములలో మిక్కిలి బలమైన తుఫాను భూమిని తాకినది. సౌరపవనపు క్షేత్రము నలభై నానోటెస్లాలకు మించి దక్షిణమునకు ఒరిగినది, భూక్షేత్రము నాలుగువందల నానోటెస్లాలు దాటి తగ్గినది, లదాఖునందలి హాన్లే వేధశాలవారి కెమెరాలు ఎఱ్ఱని వెలుగును పట్టుకొన్నవి, అమెరికాలో విత్తనములు వేయు కాలమున ఉపగ్రహములను నమ్మి నడచు ట్రాక్టరులు ఆగిపోయినవి. అంత తుఫానుకును భారతదేశమున పెద్ద హాని కలుగకపోవుటకు ఒక కారణమును మీ సంస్థయే ప్రకటించినది: ప్రధానమైన దెబ్బ తెల్లవారుజామున, మన అయనావరణము ఇంకను నిండుకొనక ముందు, తగిలినది. అదే దెబ్బ సాయంసంధ్యవేళ తగిలియున్నచో ఏమగునో మీకు మేము చెప్పనక్కరలేదు.

అయనావరణమున ఒక చదరపు మీటరు అడ్డుకోతగల నిలువు స్తంభమున వంద కోట్ల కోట్ల ఎలక్ట్రానులున్న దానిని ఒక ప్రమాణముగ తీసికొందురు. అట్టి ఒక్కొక్క ప్రమాణము జీపీఎస్ సంకేతమును పదునారు సెంటీమీటర్ల దూరమునకు సమానముగ ఆలస్యము చేయును. సూర్యుడు చురుకుగనున్న సంవత్సరములలో కలకత్తా మీద మధ్యాహ్నవేళ ఆ ప్రమాణములు నూరు దాటుట అరుదు కాదు. అనగా పదునారు మీటర్లకు పైబడిన తప్పు. ఒకే పౌనఃపున్యముతో పనిచేయు చౌక యంత్రములయందలి సవరణసూత్రము ఆ తప్పులో దాదాపు సగమునే దిద్దగలదు. హుగ్లీ ఎట్టి నదియో మీరు వినియుందురు. ఇసుకమేటలు మారుచుండును, లోతైన దారి సన్నము, ఓడను ఎక్కి నడుపు పైలటుల నైపుణ్యమునకు ఈ నది ప్రపంచ ప్రసిద్ధము. వారు తమ కన్నును, నదిలో తేలు గురుతులను, అనుభవమును ప్రధానముగ నమ్ముదురుగాక. అయినను పొగమంచు కమ్మిన ఉదయమున తెరమీది చుక్క పది మీటర్లు పక్కకు పోయినదో లేదో తెలిసియుండుట వారికి లాభమే. విమానముల కొరకు మీ సంస్థయు విమానాశ్రయముల సంస్థయు కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ కలకత్తాలోని కేంద్రముతో సహా పలుచోట్ల ఈ ఆలస్యమును కొలిచి దిద్దుచున్నదని సంతోషముతో స్మరించుచున్నాను. నదిమీది వానికి, పొలము కొలుచు వానికి, బడిలో ఈ పాఠము చదువు పిల్లకు కూడ ఆకాశపు స్థితి తెలియవలెనన్నదే నా తపన.

ఈ నది ఒకప్పుడు ఇట్టి వార్తావ్యవస్థకే భారతదేశమున తొలి వేదికయైనది. 1851లో డాక్టరు విలియం ఓషాఘ్నెస్సీ కలకత్తా నుండి డైమండ్ హార్బరు వరకు తంతి తీగను వేయించెను. సముద్రము నుండి వచ్చు ఓడల వార్త ఓడల కంటె ముందు నగరమును చేరుట దాని తొలి ఉపయోగములలో నొకటి. లాగ్రాంజి బిందువునొద్ద మీరు నిలిపిన ఆదిత్య-ఎల్1 సౌరపవనమునకు అట్టి డైమండ్ హార్బరే. సెకనుకు 400 కిలోమీటర్ల సౌరపవనము అచ్చటి నుండి మన సరిహద్దునకు వచ్చుటకు సుమారు గంట పట్టును. తుఫాను పవనమునకు అరగంట చాలును. రేడియో వార్త అయిదు సెకనులలో చేరును. ఆ అరగంటలో తెలియు విషయము దానికి ముందు ఎవ్వరికిని తెలియదు. సూర్యుని నుండి ఎగసిన ప్లాస్మామేఘము బయలుదేరుటను దూరదర్శినులు చూడగలవు, దాని వేగమును లెక్కింపవచ్చును, ఒకటి రెండు దినములు ముందుగ హెచ్చరింపవచ్చును. కాని దాని లోపలి క్షేత్రము దక్షిణమునకు ఒరిగియున్నదో లేదో దూరము నుండి కొలుచు ఉపాయము నేటికిని లేదు. మేఘము నౌక మీదుగ పోవుచుండగా ఆ దండమే దానిని చెప్పవలెను. అందుచేతనే పత్రికలలో పెద్ద అక్షరములతో హెచ్చరింపబడిన తుఫానులు కొన్ని నిశ్శబ్దముగ గడచిపోవుటయు, ఎవరును పట్టించుకొనని మేఘము ఒకటి అల్లకల్లోలము చేయుటయు జరుగుచున్నవి.

కనుక నా మొదటి మాట: ఈ ముందువార్త విద్వాంసుల చేతులలో నిలిచిపోరాదు. లోకము ఈ కావలిపనికై ఇన్నాళ్లు 1997లో ఎగిరిన ఏస్, 2015లో ఎగిరిన డిస్కవర్ అను అమెరికా నౌకలనే ముఖ్యముగ నమ్ముకొన్నది. ఇప్పుడు మనకు మన నౌక కలదు. భూమి తిరుగుచుండుటచే ఒక్క దేశపు గ్రాహకయంత్రములతో ఆ నౌకను అహోరాత్రములు వినుట సాధ్యము కాదు; దేశాంతరముల కేంద్రములతో పొత్తు అవసరము. అట్టి పొత్తును సమకూర్చి, ఆ నౌక కొలిచిన పవనవేగమును, సాంద్రతను, ఉత్తర దక్షిణ క్షేత్రమును వచ్చినవి వచ్చినట్లు సామాన్యజనుల కందుబాటులో ఉంచవలెను. మీ సంస్థ ఆదిత్య-ఎల్1 శాస్త్రసమాచారమును పరిశోధకులకు బహిరంగముగ విడుదల చేయుచుండుట ఎంతయు ప్రశంసనీయము. పరిశోధకునకు ఒక నెల తరువాత అందిన సంఖ్య పనికివచ్చును, పైలటునకు ఒక గంట తరువాత అందినది పనికిరాదు. ఈ భేదమునే మీ దృష్టికి తెచ్చుచున్నాను.

రెండవ మాట భాష. మా నది మీద పనిచేయువారు వంగభాష, హిందీ, తెలుగు, ఒడియా మాటలాడువారు. ఆంగ్లమున వెలువడిన పట్టికను చూచి తమకు కావలసినదానిని ఏరుకొనగలవారు మా పట్టణమున బహుకొద్దిమంది. తెలుగువారి మాట ప్రత్యేకముగ చెప్పుట స్వజాత్యభిమానముచే మాత్రమే కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును గుంటూరునందు పరిశీలించి, సూర్యుని అంచున లేచు జ్వాలలను గ్రహణము లేని దినములందును వర్ణపటదర్శినితో చూడవచ్చునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ జాన్సెన్ కనుగొన్నది తెలుగునేలమీదనే. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య బి. రామచంద్రరావుగారి ఆధ్వర్యవమున అయనావరణ పరిశోధన 1950ల నుండియు సాగినది. హైదరాబాదు ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారి అయస్కాంత వేధశాల 1964 నుండియు, తరువాత చౌటుప్పలునందలి వేధశాలయు, తుఫాను వచ్చినప్పుడు భూక్షేత్రము తగ్గుటను నమోదు చేయుచున్నవి. ఆదిత్య-ఎల్1 ఎగిరినదియు తెలుగు తీరము నుండియే. ఇంతటి పరంపర కల భాషలో, ఈ దినము సౌరపవనము ఎటు ఒరిగియున్నదను ఒక్క వాక్యము వెలువడుటకు ఏ ఆటంకమును నాకు కనబడదు. వంగదేశమున కూడ నదియా జిల్లా మోహన్‌పూరునందు సూర్యుని చురుకుదనపు హెచ్చుతగ్గుల చక్రములను గణించు అంతరిక్షవిజ్ఞాన కేంద్రము కలదు. ఆ కేంద్రపు యువకులు, కలకత్తా విశ్వవిద్యాలయమున మిత్రుని వారసులు, వాల్తేరు, హైదరాబాదు పండితులు మీకు తోడ్పడుదురని నా విశ్వాసము. వాక్యము సరళముగ ఉండుగాక, తప్పు మాత్రము లేకుండవలెను. దక్షిణమునకు ఒరిగినది అని చెప్పిన పిమ్మట, కనుక ఈ సాయంత్రము జీపీఎస్ చూపు స్థానమున పదిపదునైదు మీటర్ల తేడా రావచ్చును, ప్రాణభయమేమియు లేదు, అని కూడ చెప్పవలెను. భయమును పెంచు వార్తలకు ప్రతిగ నిలువగలది ఇట్టి నిరాడంబర వాక్యమే.

మూడవది, పాఠశాలలు. పునస్సంధానమును గూర్చి పాఠ్యపుస్తకమున ఒక పుట వ్రాసి పరీక్షలో అడిగినంత మాత్రమున పిల్లలకు అది తెలియదు. ఆదిత్య-ఎల్1 చెప్పిన సంఖ్య దక్షిణమునకు మారిన క్షణము మొదలుకొని, ఉప్పల్ వేధశాలలో క్షేత్రము తగ్గుటను, కలకత్తా మీది ఎలక్ట్రానుల స్తంభము మారుటను గంట గంటకు గీచి చూపినచో, ఏడెనిమిది తరగతుల పిల్లవాడు కూడ కార్యకారణములను స్వయముగ పట్టుకొనగలడు. మా పేటలోని పిల్లల చురుకుదనమును చూచినవాడను గనుక ఈ మాట నిశ్చయముగ చెప్పగలను. అట్టి గీతల సంపుటమును ప్రతి పెద్ద తుఫాను పిమ్మట భారతీయ భాషలన్నింటను పాఠశాలలకు పంపుడు; దానికయ్యెడు వ్యయము ఒక ఉపగ్రహపు వ్యయములో లెక్కకు రానిది.

సౌరచక్రము తన ఉచ్చస్థితి నుండి దిగు కాలమునందును బలమైన తుఫానులు పుట్టుచునే యుండునని మీకు తెలియును. కనుక ఈ పనిని రాబోవు చక్రమునకు వాయిదా వేయక, ఆదిత్య-ఎల్1 సజీవముగ ఉన్న ఈ సంవత్సరములలోనే ఆరంభింపుడని, తొలుత వంగభాషలోను తెలుగులోను ప్రతిదినము ఆ సంఖ్యలను ప్రకటింపుడని, హుగ్లీ పైలటులకును తూర్పుప్రాంతపు విద్యుత్ నిర్వాహకులకును ఆ అరగంట హెచ్చరికను నేరుగ చేర్చుడని, బడ్జ్ బడ్జ్ వాసుల పక్షమున మిమ్ము సవినయముగ ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
బడ్జ్ బడ్జ్ వాసియగు ఒక తెలుగు ఉపాధ్యాయుడు